సగం పువ్వులో అక్షరం

యాప్రాల్‌లో మా ఇంటి ఎదుటి ప్రహరీకి మొన్న సున్నం వేశారు. ఆరకముందే వాన పడింది. తడి సున్నం వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది, అందులో కొంచెం నీలిమందు, కొంచెం మట్టి. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచి అలాగే నిలబడిపోయాను. పాలు పొంగాయి. మా ఆయన వచ్చి పొయ్యి కట్టేసి ఏమైందని అడిగాడు. అనసూయ పెద్దమ్మ గుర్తొచ్చిందన్నాను. ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు. చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచదు. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు పైకి దోపి, తలకు తువ్వాలు చుట్టి నిచ్చెన ఎక్కేది. గొంతు మాత్రం పెద్దది. శామీర్‌పేటలో ఏళ్ల తరబడి గంప ముందు కూర్చుని చేపలమ్మిన గొంతు అది. నిచ్చెన మీది నుంచి ఆమె నీళ్లడిగితే రోడ్డుకు అవతల ఉన్న టీకొట్టువాడు గ్లాసు పట్టుకుని వచ్చేవాడు.

నేను ఆమెను కలిసింది డ్రాయింగ్ డిప్లొమా అయిపోయి, పని దొరక్క ఇంట్లో ఉన్న రోజుల్లో. మా నాన్న నన్ను ఏదో ఒక ఆఫీసులో కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. నేను మాత్రం మేడ్చల్ చుట్టుపక్కల గోడలకు బొమ్మలు వేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. గోడను గళ్లుగా విడగొట్టి, చిన్న కాగితం మీది బొమ్మను పెద్దది చేయడం నా పని. గోడ కింది భాగంలో పొడవునా ముగ్గుల అంచు వేయడం పెద్దమ్మ పని. పెళ్లిళ్లకు వాకిళ్లలో ముగ్గులు వేస్తుంటే చూసి కాంట్రాక్టరు ఆమెను పనిలోకి తీసుకున్నాడట. మొదటి రోజే నన్ను పైనుంచి కిందికి చూసి, ఎండలో ఎన్నాళ్లుంటావో చూద్దామన్నట్టు నవ్వింది. మధ్యాహ్నం నా డబ్బాలో పెరుగన్నం చూసి తన చేపల పులుసు సగం అందులో వంచింది. మా ఇంట్లో చేపలు తినరని చెప్పబోయాను. నోట్లో ముద్ద పడ్డాక చెప్పాలనిపించలేదు.

ఆమె పద్ధతి నాకు మొదట్లో వింతగా ఉండేది. పాత దినపత్రిక తీసుకుని మధ్యకు మడిచేది. మడత వెంట చిన్న కత్తెరతో ఏదో వంకర కత్తిరించేది. కాగితం విప్పితే రెండు వైపులా ఒకేలా ఉన్న పువ్వు. దాన్ని గోడకు ఆనించి అంచుల వెంట రంగు అద్దేది. ఏ రెండు పువ్వులూ ఒకలా ఉండేవి కావు. కానీ ఏ పువ్వుకు ఆ పువ్వు, కుడీ ఎడమా అచ్చం అద్దంలో చూసినట్టే. నేను గళ్లు గీసి ఎలా పెద్దవి చేస్తానో ఆమె అడిగి నేర్చుకుంది. కాగితం ఎలా మడవాలో నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. నేను కత్తిరించినవి తరచుగా రెండు ముక్కలై చేతిలోకి వచ్చేవి. మడత దగ్గర తెంపకూడదని, అక్కడే ప్రాణమని చెప్పి ఆమె తన చేతిలోని కాగితం నాకిచ్చేది.

అలా ఒక మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, గాలికి ఎగిరిపోతున్న ఒక కాగితాన్ని పట్టుకున్నాను. అది ఇంకా మడతలోనే ఉంది. విప్పకుండా చూశాను కాబట్టి కనిపించింది: అది ‘గ’. పక్కన ఉన్న ఇంకో మడత తీసి చూశాను. ‘వా’. గోడ వైపు తిరిగాను. పొద్దున ఆమె వేసిన పువ్వులకు కుడి సగం అరచేత్తో మూసుకుంటూ వరసగా చదివాను. తి. న్న. వా. ఆ పువ్వుల ముందు నుంచి అంతసేపూ బస్సులు, లారీలు, బైకులు పోతూనే ఉన్నాయి. తిన్నవా అని ఆ గోడ ఎవరినో అడుగుతోంది. 

పెద్దమ్మ తిరిగి వచ్చి నా చెయ్యి గోడ మీద ఉండడం చూసింది. కోప్పడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా పక్కన చతికిలబడి, కాసేపు రోడ్డు వైపు చూసి, అప్పుడు చెప్పింది. ఆమెకు ఒక్కతే కూతురు, గంగ. కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తనతో పనిచేసే శ్రీను అనే అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వాళ్లు వేరే కులం. పెద్దమ్మ భర్త పోచయ్య చెరువులో వల వేసే మనిషి, మాట తక్కువ. కూతురు పెళ్లి చేసుకుందని తెలిసిన రోజు ఆయన అరవలేదు, కొట్టలేదు. భార్య చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. దానితో మాట్లాడకూడదు, ఫోన్ చేయకూడదు, దాని గడప తొక్కకూడదు. ఆ తర్వాత ఆ ఇంట్లో గంగ పేరు ఎవరూ ఎత్తలేదు. గంగ ఉంటున్నది ఎంతో దూరం కాదు, గౌడవెల్లిలో. రోజూ పొద్దున శ్రీను బైకు వెనక కూర్చుని ఈ గోడ ముందు నుంచే పనికి పోతుంది.

“బొమ్మలెయ్యొద్దని అనలే గద,” అంది పెద్దమ్మ. అలా అన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద దొంగనవ్వూ ఉంది.

చిన్నప్పుడు గంగ పలక పట్టేది కాదట. బడికి పంపితే గోడ దూకి ఇంటికొచ్చేదట. పెద్దమ్మ చదివింది కొద్దిపాటి చదువే అయినా అక్షరాలు బాగా వచ్చు. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ఎడమ పక్కన ఒక అక్షరం ముగ్గుతో గీసి, కుడి పక్క నువ్వు వెయ్యి అని కూతురికి చెప్పేది. పిల్ల దాన్ని అద్దంలోలా తిప్పి వేసేది. అది పువ్వయ్యేది. అక్షరం నేర్చుకుంటున్నానని తెలియకుండానే అక్షరమాల మొత్తం వాకిట్లో నేర్చుకుంది. ఆ తర్వాత అదే తల్లీకూతుళ్ల ఆటయింది. తండ్రికి తెలియకుండా జాతరకు పోదామా అని కూతురు వాకిట్లో రాసేది, తల్లి పక్కన ఇంకో పువ్వు వేసి సరేననేది.

ఆమె చూస్తుందని నీకెలా తెలుసని అడిగాను. బైకు మీద పోయే మనిషి ఒక్క క్షణం కూడా ఆగదు కదా, చూసినా పువ్వులనే అనుకుంటుందేమో కదా అన్నాను.

“సూస్తది. దానికి సూసుడు నేనే నేర్పిన,” అని లేచి నిచ్చెన దగ్గరికి పోయింది.

అప్పటికి చాలా నెలలుగా ఆమె అలా రాస్తూనే ఉందని తర్వాత తెలిసింది. బదులు ఎప్పుడూ రాలేదు. ఎండాకాలంలో నీళ్లు తాగమని, వానల్లో తడవొద్దని, పండుగకు కొత్త చీర కట్టుకున్నావా అని, ఆ దారి పొడవునా గోడల మీద ఎర్రవి, పసుపువి, నీలివి పువ్వులు. నాకు తెలిసిపోయాక ఒక విధంగా ఆ పనిలో నేనూ భాగస్తురాలినయ్యాను. కాంట్రాక్టరు ఏ గోడ ఇస్తాడో ముందుగా కనుక్కుని చెప్పేదాన్ని. పై బొమ్మలో చెట్లూ పక్షులూ గీసేటప్పుడు కింది పువ్వుల మీదికి చూపు దిగేలా గీసేదాన్ని. అంతవరకూ నేను బొమ్మ అంటే తప్పు లేకుండా గీయడమే అనుకునేదాన్ని. ఒక మనిషి కోసం గీయడం ఎలా ఉంటుందో మొదటిసారి ఆమె పక్కన నిలబడినప్పుడే తెలిసింది.

బదులు ఒక సోమవారం పొద్దున వచ్చింది. ‘తిన్నవా’ ఉన్న గోడకు ఇంకా కొంచెం పని మిగిలి ఉంటే ఇద్దరం వెళ్లాం. గోడ మొదట్లో, మట్టి మీద, ఎవరో తెల్లటి ముగ్గు వేసి ఉన్నారు. అప్పటికే అంచులు చెప్పుల కింద పడి చెరిగిపోతున్నాయి. పెద్దమ్మ ఆటో దిగుతూనే చూసింది. రంగుల బకెట్టు అక్కడే వదిలేసి గబగబా నడిచి వెళ్లి ముగ్గు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక సగాన్ని చేత్తో మూయాల్సిన అవసరం ఆమెకు లేదు. నేను మూసి చూశాను. తి. న్న. తిన్నానని. రెండు పువ్వుల మధ్య ఇంకొక చిన్న బొమ్మ ఉంది, అక్షరం కాదు. రెండు తాళ్లు, మధ్యలో ఒంపు. ఊయల.

 పెద్దమ్మ ఆ ముగ్గులోంచి చిటికెడు పిండి తీసి కొంగుకు ముడి వేసుకుంది. ఆ రోజంతా పాటలు పాడుతూనే ఉంది. టీకొట్టువాడు ఏంది పెద్దమ్మా మస్తు ఖుషీగున్నవ్ అని అడిగితే, చేపలు బాగా పడ్డాయని చెప్పింది.

తర్వాతి గోడ మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో వచ్చింది. ప్లాట్లు అమ్ముతున్న ఒక వెంచరు ప్రహరీ. స్థలం యజమాని రాజేందర్ పటేల్. పాత భూస్వాముల ఇంటివాడు. తాతల కాలంలో ఆ నేలలో వరి పండించేవారు, ఇప్పుడు హద్దురాళ్లు పాతుతున్నారు. ఊరి రాజకీయాల్లో కూడా ఆయన మాటకు బరువుంది. గోడ పొడవునా మనిషెత్తు పువ్వులు కావాలని ఆయనే అడిగాడు, నా గళ్ల పద్ధతితో వాటిని పెద్దవి చేశాం. గంగ పరీక్షలకు శామీర్‌పేట ఆసుపత్రికే పోతుందని పెద్దమ్మ లెక్క వేసుకుంది. ఆ దారిన గతుకులెక్కువ. అందుకని ఆ గోడకు ఆమె పెట్టుకున్న మాట: గంగ పైలం.

పెద్దమ్మ ఎప్పుడూ ఒక పువ్వు మొత్తం పూర్తి చేసే ఇంకోదానికి పోయేది. ఆ రోజు మాత్రం ఎరుపు రంగు మొత్తానికి చాలేలా లేదు. ఎడమ సగాలన్నీ ఎరుపు, కుడి సగాలన్నీ పసుపు వేద్దామనుకుంది. ఎరుపుతో ఎడమ సగాలు వరసగా వేసుకుంటూ పోయింది. పసుపు డబ్బా తేవడానికి వెళ్లిన కాంట్రాక్టరు మనిషి ఎంతకీ రాలేదు. మేం అన్నాలకు కూర్చున్నాం. అదే సమయంలో ప్లాట్లు చూడ్డానికి ఒక కుటుంబం కారులో వచ్చింది. వాళ్లకు పువ్వులు కనబడలేదు. తెల్ల గోడ మీద మనిషెత్తు ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి. గంగ పైలం. గంగ ఎవరో వాళ్లకు తెలియదు, పైలం అంటే జాగ్రత్త అని తెలుసు. స్థలానికేదో తగాదా ఉందని, ఎవరో హెచ్చరిక రాశారని కారు వెనక్కి తిప్పుకుని పోయారు.

రాజేందర్ పటేల్ మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కేకలు వేయలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. పక్క వెంచరువాళ్లు రాయమన్నారా, ఎవరు పంపితే వచ్చారని అడిగాడు.  ఇది పువ్వు అండీ, సగమే అయింది, మిగతాది వేస్తే అక్షరం కనబడదు అన్నాను. కనబడకుండా రాయాల్సిన పనేమొచ్చిందని ఆయన అడిగాడు.  అది చెప్పాల్సింది పెద్దమ్మే, ఆమె చెప్పలేదు. చెబితే ఆ మాట సాయంత్రానికి చెరువు దాకా పోతుంది, భర్త తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు నలుగురి నోళ్లలో పడుతుంది. అంత పెద్ద గొంతు మనిషి తలవంచుకుని నిలబడింది.  రాజేందర్ పటేల్‌కు ఆమె పోచయ్య భార్య అని తెలుసు. పోలీసులను పిలిచే ముందు ఆ మొగోన్ని పిలవమని ఒకరిని చెరువుకు పంపాడు.

పోచయ్యను నేను అప్పుడే మొదటిసారి చూశాను. పాత మోపెడ్ మీద వచ్చాడు. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, మోచేతుల దాకా బురద. బండి స్టాండు వేసి, ఎవరినీ చూడకుండా నేరుగా గోడ దగ్గరికి పోయాడు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నెమ్మదిగా నడిచాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“గంగ నా బిడ్డ, పటేలా,” అన్నాడు పోచయ్య. “కడుపుతోటి ఉన్నది. గీ తొవ్వల దవాఖానకు వస్తాంది. పైలంగ పొమ్మని నేనే రాయమన్న.”

 పెద్దమ్మ కళ్లు తెరిచి భర్త వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. కూతురు కడుపుతో ఉందని ఆమె ఆయనకు చెప్పలేదు. ఆసుపత్రి సంగతి చెప్పలేదు. రాజేందర్ పటేల్ మొగుడూపెళ్లాలిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. పొద్దుగూకక ముందే ఆ సగం పువ్వులు పూర్తి చేయమని, మళ్లీ ఎవరైనా వచ్చేసరికి అక్షరమ్ముక్క కనబడొద్దని చెప్పి కారెక్కాడు. తుడిచేయమని మాత్రం అనలేదు.

పసుపు డబ్బా వచ్చేదాకా పోచయ్య వెళ్లలేదు. గోడ నీడలో కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. పెద్దమ్మ ఆయనకు కొంచెం దూరంలో కూర్చుంది. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. మొదటి గోడ నుంచీ తెలుసన్నాడు. గౌడవెల్లికి చేపలు అమ్మడానికి పోయేవాళ్లను అడిగి పిల్ల ఎట్లుందో కనుక్కుంటూనే ఉన్నాడట. మరి ఇంట్లో ఒక్క మాటన్నా ఎందుకనలేదని ఆమె నిలదీసింది. అప్పుడు ఆమె గొంతు మళ్లీ పాత గొంతయింది.

“నువ్వు రాస్తున్నవ్ గద, ఇగ నేనేం జెప్పాలె,” అన్నాడాయన. బీడీ ఆర్పి, “పొద్దుగాల చెరువుకు పోతుంటి. వాకిట్ల మీ తల్లీబిడ్డల పువ్వులుండేటియి. వాటి మీద కాలు పడకుండ దాటుకుంట పోయెటోన్ని. నాకు తెల్వదా,” అన్నాడు.

పెద్దమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది. నేను ముఖం అటు తిప్పుకుని గోడకు పసుపు పూయడం మొదలుపెట్టాను.

ఏడో నెలలో గంగ పుట్టింటికి వచ్చింది. ఆ రోజు పెద్దమ్మ నన్నూ పిలిచింది. శ్రీను బైకు ఆపి, లోపలికి రావాలో వద్దో తెలియక గేటు దగ్గరే నిలబడ్డాడు. పోచయ్య వాకిట్లో వలకు ముడులు వేస్తూ తల ఎత్తకుండానే, బండి నీడకు పెట్టు, సీటు కాలుతది అన్నాడు. అల్లుడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. గంగ అచ్చం తల్లి పోలిక, గొంతు కూడా అంతే. నన్ను చూసి, గోడ మీద పిట్టలు గీసేది నువ్వేనా అక్కా అని అడిగింది. పిట్టలు ఎటు చూస్తుంటే తానూ అటే చూసేదాన్నని చెప్పింది. ఆ ఒక్క మాటకు నేను ఎంత పొంగిపోయానో, ఆ తర్వాత నాకు వచ్చిన ఏ మెప్పుకూ అంత పొంగలేదు.

ఆ తర్వాత కూడా చాలాకాలం మేమిద్దరం కలిసి గోడలు వేశాం. మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేకపోయినా పెద్దమ్మ పువ్వుల్లో అక్షరాలు మానలేదు. మనవరాలి పేరు, టీకొట్టువాడి పేరు, ఒకసారి నా పేరు. నా పేరు పెట్టిన గోడ ఎక్కడుందో చెప్పలేదు, వెతుక్కోమంది. దొరికింది, నాలుగు రోజులు పట్టింది.

శామీర్‌పేట దారి వెడల్పు చేసినప్పుడు రాజేందర్ పటేల్ ప్రహరీ కూలగొట్టారు. నేను ఆ దారిన బస్సులో పోతూ చూశాను. ఎరుపూ పసుపూ అంటిన ఇటుకలు కుప్పగా పడి ఉన్నాయి. నాకు దుఃఖం ఆగలేదు. దిగి, ఒక ముక్క సంచిలో వేసుకుని, అలాగే పెద్దమ్మ ఇంటికి పోయాను. అప్పటికే ఆమెకు జబ్బు ముదిరింది. మంచం మీద పడుకునే ఉంది, చెయ్యి పైకి లేపడం కష్టంగా ఉంది. ఇటుక ముక్క చేతిలో పెట్టి, గోడ కూలగొట్టారని చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికే తిరిగిచ్చింది. ఇల్లు కడుతున్నవా బిడ్డా, ఇటుకలేరుకొచ్చినవ్ అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అంత కష్టపడి వేసినవి కదా, ఒక్కటన్నా మిగలొద్దా అని అడిగాను.

“అది సదివింది గద,” అంది పెద్దమ్మ. “సదివినంక ఇగ గోడెందుకు?”

ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

ఇప్పుడు నాకు సొంతంగా ఒక చిన్న బృందం ఉంది. ఆసుపత్రులకు, బడులకు, వంతెనల కింద గోడలకు బొమ్మలు వేస్తాం. మేం వేసినవాటిలో చాలావాటి మీద ఏడాది తిరక్కుండానే పోస్టర్లు పడతాయి, లేదా కొత్త రంగు పడుతుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయిలు బాధపడతారు, కొందరు పోట్లాడదామంటారు. నేను పోట్లాడను. పని మొదలుపెట్టే ముందు మాత్రం ఆ గోడ ఎదుట రోడ్డు పక్కన ఒక పూట ఊరికే కూర్చుంటాను. ఎవరు పోతున్నారు, ఎవరి చూపు ఎక్కడ ఆగుతోంది, ఎవరు తల వంచుకుని నడుస్తున్నారు, చూస్తాను. వాళ్లలో ఒక్క మనిషి ముఖం మనసులో నిలిచేదాకా డబ్బా మూత తెరవను. నిలిచాక, మిగతా గోడంతా అందరికీ వేస్తాను. ఏదో ఒక మూల, ఆ ఒక్క మనిషికి వేస్తాను.